పాతబడిన పర్వత మార్గ సూచనలను సరిదిద్దడం ఎలా: దశలవారీ సమగ్ర మార్గదర్శి

"పెద్ద రాయి దాటాక ఎడమవైపు గండిలోకి దిగి, మంచు మీదుగా అవతలి గట్టుకు చేరుకోండి. సులువు."

పర్వతాలు ఎక్కేవారు ఇలాంటి వాక్యాలు ఎన్నో చదివి ఉంటారు. రాసినవారు అబద్ధం రాయలేదు. ఆ రోజు అక్కడ పెద్ద రాయి ఉంది, గండిలో మెత్తటి మంచు ఉంది, నడక సులువుగానే సాగింది. చదివేవారు మాత్రం వేరే ఏడాదిలో, వేరే నెలలో, తెల్లవారుజామున మూడు గంటలకు తలకు కట్టుకున్న లైటు వెలుగులో చదువుతారు. అప్పటికి రాయి దొర్లిపోయి ఉండవచ్చు. మంచు కరిగి, దాని కింది గాజులాంటి గడ్డ బయటపడి ఉండవచ్చు. దారి వివరణలోని ప్రతి వాక్యానికీ ఒక వయసు ఉంటుంది. ఆ వయసును ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్లే చాలామంది తప్పుదారి పడతారు.

ఇది ఊహ కాదు. ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వత సముదాయానికి 1973లో వెలువడిన ఒక ప్రసిద్ధ మార్గదర్శి ఉంది. అందులోని 95 దారులను పరిశోధకులు మళ్లీ పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. 93 దారులు ఎంతో కొంత మారిపోయాయి. 26 దారులు తీవ్రంగా మారాయి. మూడు దారులు అసలు లేనే లేవు. అదే ప్రాంతంలో పెటీ డ్రూ శిఖరం మీద 1955లో ఇటలీ ఆరోహకుడు వాల్టర్ బొనాట్టి ఒంటరిగా ఎక్కిన మహా రాతి స్తంభం 2005లో కూలిపోయింది. ఆ దారిని వర్ణించిన పేజీలు మాత్రం పుస్తకాల అరల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మీరు ఒక ఆరోహణ సంఘం తరఫున మార్గ వివరాలు చూసుకుంటున్నవారు కావచ్చు, గైడు కావచ్చు, మీరు రాసిన పాత వివరణను నమ్మి ఇప్పటికీ కొందరు కొండెక్కుతున్నారని తెలిసి కలత చెందుతున్నవారు కావచ్చు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ తొందరపడకూడదో కింద వివరిస్తున్నాను.

1. పాత వివరణను వాక్యాలుగా విడగొట్టండి

మొదటే కొండ దగ్గరకు పరుగెత్తవద్దు. ఒక సాయంత్రం కూర్చుని, ఉన్న వివరణను కాగితం మీద అచ్చు తీసుకుని, ఒక్కో వాక్యాన్ని ఒక్కో వరుసలో రాయండి. పక్కన మూడు గళ్లు గీయండి: ఇది ఎవరు చూసి రాశారు, ఎప్పుడు చూశారు, ఎంత త్వరగా మారే విషయం.

మూడో గడిలో నాలుగు రకాలు తేలతాయి. శిఖరం ఎత్తు, వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది వంటివి దాదాపు మారవు. తాడు కట్టేందుకు రాతిలో బిగించిన బోల్టులు, హిమానీనదం అంచు, రాళ్ల గుట్టలు ఏళ్ల తరబడి నెమ్మదిగా మారతాయి. మంచు, వాగు నీటిమట్టం, చెట్ల పొదలు నెలనెలా మారతాయి. ఇక నాలుగో రకం అభిప్రాయాలు: "సులువు", "సురక్షితం", "రెండు గంటలు పడుతుంది", "దారి స్పష్టంగా ఉంటుంది". నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేవి ఈ నాలుగో రకం మాటలే. ఎవరికి సులువు, ఏ నెలలో సులువు, ఎంత బరువు మోస్తుంటే సులువు అన్నది ఆ మాటలో ఉండదు. చదివేవారు మాత్రం దాన్ని తమకే చెప్పినట్టు తీసుకుంటారు.

చూసినవారెవరో, చూసిన తేదీ ఏమిటో తెలియని వాక్యాలకు ఎర్రగీత పెట్టండి. చాలా వివరణల్లో సగం పైగా ఎర్రబడుతుంది. అధైర్యపడవద్దు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చినప్పుడు అలాగే జరుగుతుంది. ఆ ఎర్రగీతలే మీ క్షేత్ర పరిశీలనకు ప్రణాళిక.

2. ప్రమాదాలతో పాటు త్రుటిలో తప్పినవీ సేకరించండి

రక్షక బృందాల నివేదికలు దొరికితే చదవండి. గైడులతో, పర్వత విడిది గృహాల నిర్వాహకులతో మాట్లాడండి. ప్రమాదాల లెక్క ఒక్కటే సరిపోదు. దారి తప్పి గంట తర్వాత తిరిగి వచ్చినవారు, రాయి పక్కనుంచి దూసుకుపోయినా దెబ్బ తగలనివారు ఏ నివేదికలోనూ కనిపించరు. వారి దగ్గరే మీకు కావలసిన సమాచారం ఉంటుంది.

అడిగే తీరు ముఖ్యం. "మీరు చేసిన పొరపాటు ఏమిటి?" అని అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. "అక్కడ నిలబడినప్పుడు ముందు ఏమి కనిపించింది? దాన్ని మీరు ఏమనుకున్నారు? వివరణలోని ఏ మాటతో పోల్చుకున్నారు?" అని అడగండి. ఒకరు తప్పిపోతే ఏ కారణమైనా కావచ్చు. ఒకే చోట మూడు బృందాలు తప్పిపోయాయంటే లోపం ఆ మనుషుల్లో లేదు. అక్కడి నేల వారిని మోసం చేస్తోంది, మన వాక్యం దానికి తోడవుతోంది.

స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ ఇందుకు మంచి పాఠం. ఆ శిఖరం మీది పీఠభూమి పొగమంచులో మునిగితే, దిగేవారు ఉత్తరాన నిట్టనిలువు కొండ అంచులకో, దక్షిణాన లోతైన గండికో చేరే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ సూచన పొడిపొడిగా, కొలతలతో ఉంటుంది: శిఖరం మీది సర్వే స్తంభం నుంచి పటం ఉత్తరాన్ని (దిక్సూచి ముల్లు చూపేది కాదు, పటం మీది నిలువు గీతలు చూపే ఉత్తరాన్ని) బట్టి 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు, ఆపైన 282 డిగ్రీల దిశలో నడక. దీనికి భిన్నంగా, 2021లో ఒక ఆన్‌లైన్ పటం ఇదే పర్వతానికి చూపిన గీత ప్రాణాంతకమైన నేల మీదుగా పోతోందని అక్కడి పర్వతారోహణ సంస్థలు బహిరంగంగా హెచ్చరించాయి. వాహనాలు నిలిపే చోటు నుంచి శిఖరానికి పటంలో కనిపించే దూరమే ఆ గీతకు ఆధారం. మధ్యలో ఉన్న కొండ దానికి తెలియదు. మీ వివరణతో పాటు ప్రజల చేతుల్లో తిరిగే ఇలాంటి గీతలను కూడా ఈ దశలోనే వెతికి చూడండి.

3. తెలియని మనిషితో కలిసి దారి నడవండి

ఈ దశకు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి.

దారి బాగా తెలిసినవారు ఒక్కరే వెళ్తే ఏమీ కనిపించదు. వారి కాళ్లు మాటల కంటే ముందే తిరిగిపోతాయి. అందుకని ఇద్దరు వెళ్లాలి: ఒకరు దారి తెలిసినవారు, ఒకరు ఆ పర్వతాన్ని ఎప్పుడూ చూడని, అయితే అదే స్థాయి ఆరోహణ చేయగలిగినవారు. కొత్తవారు వివరణను బిగ్గరగా చదువుతూ ముందు నడుస్తారు. తెలిసినవారు నోరు మెదపకూడదు. నిజంగా ప్రమాదం ఎదురైతే మాత్రమే ఆపాలి.

పైన రాసిన "ఎడమవైపు గండి" వాక్యాన్ని నేను అలాగే పరీక్షించాను. నా మిత్రుడు పెద్ద రాయి దాటి, కాగితం వైపు ఒకసారి, ఎదురుగా ఒకసారి చూసి, ఏ సందేహమూ లేకుండా మొదటి గండిలోకి దిగబోయాడు. "ఎందుకు ఇదే?" అని అడిగాను. "అడుగుజాడలు ఉన్నాయి కదా" అన్నాడు. నిజమే, అరిగిపోయిన మట్టి, పక్కకు జరిగిన రాళ్లు, ఎవరో పేర్చిన చిన్న రాళ్ల గుర్తు కూడా ఉన్నాయి. ఆ గండి 40 మీటర్ల కింద నిట్టనిలువు అంచు దగ్గర ఆగిపోతుంది. అసలు దారి రెండో గండిలో ఉంది. అక్కడ నిలబడి ఆలోచిస్తే విషయం అర్థమైంది: సరైన గండిలో దిగినవారు ఒక్కసారే నడుస్తారు. తప్పు గండిలో దిగినవారు వెళ్లి, అంచు చూసి, మళ్లీ పైకి వస్తారు. అంటే తప్పిపోయిన ప్రతి మనిషీ ఆ దారిని రెండుసార్లు తొక్కాడు. తప్పుదారే ఎక్కువ అరిగింది. "బాగా నడిచిన జాడను అనుసరించండి" అని ఇక ఎక్కడా రాయకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నాను.

నడిచేటప్పుడు పాటించాల్సినవి మరికొన్ని ఉన్నాయి. వీలైతే జనం ఎక్కువగా వెళ్లే నెలలోనే వెళ్లండి. వివరణను చీకట్లో చదవాల్సిన భాగాన్ని చీకట్లోనే నడిచి చూడండి, పగటిపూట కొండంత కనిపించే గుర్తు లైటు వెలుగులో మాయమవుతుంది. దిగే దారిని తప్పక దిగే దిశలోనే పరిశీలించండి. పైకి వెళ్తూ వెనక్కి తిరిగి చూసిన చూపు అందుకు సరిపోదు. దారి చీలే ప్రతి చోటా ఆగి, రెండు దిక్కులా ఫోటోలు తీసి, స్థానాన్ని జీపీఎస్‌లో నమోదు చేయండి. ఫోటో తీసిన తేదీ, నిలబడిన చోటు రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడాది అదే చోట మరో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. మంచు ఎంత తగ్గిందో, ఏ రాయి జరిగిందో మాటల కంటే ఆ రెండు ఫోటోలే బాగా చెబుతాయి.

4. ప్రతి ప్రమాదాన్ని చోటుతో, వేళతో, గుర్తుతో రాయండి

"రాళ్లు పడే అవకాశం ఉంది, జాగ్రత్త" అన్న వాక్యం ఎవరికీ సాయపడదు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పడతాయి, ఏ వేళ ఎక్కువ, వెళ్లేముందు ఏ గుర్తు చూడాలి, ఆ గుర్తు కనిపిస్తే ఏమి చేయాలి అన్న నాలుగూ ఉంటేనే అది హెచ్చరిక అవుతుంది.

మాంట్ బ్లాంక్‌కు గూటే వైపు నుంచి వెళ్లే సాధారణ దారిలో ఒక వెడల్పాటి రాతి గండిని అడ్డంగా దాటాలి. ఎత్తైన చోట్ల రాళ్ల పగుళ్లలో గడ్డకట్టిన నీరే రాళ్లను పట్టి ఉంచే జిగురు. ఎండకు ఆ జిగురు కరిగితే రాళ్లు ఊడిపడతాయి. అందుకే అక్కడ దాటే వేళ కూడా దారి వివరణలో భాగమే. వడగాలులు వీచిన 2015లోనూ, 2022లోనూ రాళ్లు ఎంతగా పడ్డాయంటే ఆ దారిలోని విడిది గృహాన్ని మూసివేయాల్సి వచ్చింది. అలాంటి దారికి రాసే సూచన "ఉదయాన్నే దాటండి" దగ్గర ఆగకూడదు. "గడిచిన రాత్రి పైన నీరు గడ్డకట్టకపోతే ఈ దారి వద్దు" అని కూడా చెప్పాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పగటి ఎండకు ఊడిపడే రాళ్ల విషయంలో తెల్లవారుజామున బయలుదేరడం నిజంగా మేలు చేస్తుంది. వేలాడే హిమఖండాల విషయంలో ఆ భరోసా లేదు. అవి తమ బరువుకే విరుగుతాయి, రాత్రి అని పగలు అని చూడవు. ఇటలీలోని మార్మొలాడా మీద 2022 జులై 3న హిమానీనదం ముక్క విరిగిపడి 11 మంది చనిపోయారు. హిమఖండాల కింద నడిచే భాగం మీ దారిలో ఉంటే "త్వరగా వెళ్తే సురక్షితం" అన్న అర్థం ఎక్కడా రానివ్వకండి. ఎన్ని మీటర్ల మేర ఆ కింద నడవాలో, మామూలుగా అందుకు ఎన్ని నిమిషాలు పడుతుందో, ఆగకూడని చోటు ఏదో రాయండి. దాన్ని తప్పించుకునే పక్కదారి ఉంటే అదే ప్రధాన దారిగా ముందు రాయండి, కష్టమైనా సరే.

ఎవరెస్టు మీద ఇదే జరిగింది. 2014 ఏప్రిల్ 18న ఖుంబు ఐస్‌ఫాల్‌లో (హిమానీనదం ముక్కలుగా విరుగుతూ వాలు దిగే చోట) పైనుంచి మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ఆ తర్వాత 2015లో దారి వేసేవారు దాన్ని ఎవరెస్టు పశ్చిమ భుజం కింది నుంచి జరిపి, ఐస్‌ఫాల్ మధ్యభాగం మీదుగా కొత్త దారి వేశారు. మధ్యభాగంలో నడక కష్టం, నిచ్చెనలు ఎక్కువ. అయినా తలపై వేలాడే ముప్పు తగ్గుతుందని ఆ మార్పు చేశారు. దారి కష్టం వేరు, దారి ప్రమాదం వేరు అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. మీ వివరణలో ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపేయవద్దు.

మంచు చరియల విషయానికొస్తే, పలకలుగా విరిగిపడే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద పుడతాయి. కాబట్టి మీ దారి ఆ వాలు మీదుగా ఎక్కడ పోతుందో చెప్పడంతో పాటు, అలాంటి వాలు కింద ఎక్కడ నడుస్తుందో కూడా చెప్పాలి. ఈ రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. కెనడాలోని గ్లేసియర్ జాతీయ ఉద్యానంలో 2003 ఫిబ్రవరి 1న మంచు చరియ కింద ఏడుగురు విద్యార్థులు చనిపోయాక, అక్కడి ఉద్యానాల సంస్థ నేలను సరళం, సవాలుతో కూడినది, సంక్లిష్టం అని మూడు తరగతులుగా విడగొట్టి దారులకు గుర్తులు పెట్టింది. ఆ రోజు మంచు ఎలా ఉందన్నది ఆ ప్రాంతపు మంచు చరియల సూచన చెబుతుంది. ఆ నేల స్వభావం ఏమిటన్నది దారి వివరణ చెప్పాలి. ఈ రెండూ కలిస్తేనే ఆరోహకులు నిర్ణయం తీసుకోగలరు. రోజువారీ మంచు పరిస్థితిని మీరే రాసే పని పెట్టుకోకండి. ఆ ప్రాంతపు సూచన ఎక్కడ దొరుకుతుందో చెప్పి వదిలేయండి.

5. బోల్టులు, తాళ్లు: చూసింది రాయండి, హామీ ఇవ్వకండి

"మంచి యాంకర్ (తాడును కట్టి బరువు వేసే ఆధారం) ఉంది" అని రాయకండి. "రెండు బోల్టులు, వాటిని కలిపే గొలుసు; ఫలానా నెలలో, ఫలానా ఏడాదిలో చూశాం; ఎడమ బోల్టు పలక చేతితో కదిలింది" అని రాయండి. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏకి రాతి బోల్టుల కోసం 123 అనే ప్రమాణం ఉంది. అది తుప్పు విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తుంది. కారణం ఉంది: సముద్రతీరపు కొండల మీద స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు పైకి మెరుస్తూనే లోపల పగుళ్లు తీసి, చిన్న బరువుకే విరిగిన సందర్భాలు ఉన్నాయి. కంటికి బాగా కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదు. అలాంటి చోట్ల బోల్టు వేసిన ఏడాది, లోహం పేరు తెలిస్తే తప్పక రాయండి. ఎవరో వదిలి వెళ్లిన పాత తాళ్లు, ఎండకు రంగు వెలిసిన నాడాలు ఉంటే వాటిని నమ్మవద్దని చెప్పి, సొంత నాడా ఎంత పొడవున తెచ్చుకోవాలో రాయండి.

తాడు పొడవు దగ్గర పాత వివరణలు చాలామందిని ఇబ్బంది పెడతాయి. "50 మీటర్ల దిగుడు" అని ఉందంటే అది రెండు తాళ్లు కలిపి ముడివేసి దిగిన రోజుల నాటిది కావచ్చు. ఒకే 60 మీటర్ల తాడు తెచ్చినవారు దాన్ని మడిచి వేస్తే 30 మీటర్లే దిగగలరు. ఆపైన గాలిలో వేలాడాల్సి వస్తుంది. ప్రతి దిగుడుకు కొలిచిన పొడవు, అందుకు కావలసిన తాడు పొడవు, తాళ్ల సంఖ్య వేర్వేరుగా రాయండి. తాడు చివర్లలో ముడి వేయమన్న మాట ప్రతి దిగుడు దగ్గరా మళ్లీ రాసినా తప్పు లేదు.

6. వాక్యాలను తిరగరాయండి

ఇప్పుడు కలం పట్టండి. ఎడమ, కుడి అన్న మాటలు మనిషి ఎటు తిరిగి ఉన్నాడన్న దాన్ని బట్టి మారతాయి. ఎక్కేటప్పుడు ఎడమ అయినది దిగేటప్పుడు కుడి అవుతుంది. నదికి, హిమానీనదానికి ప్రవాహ దిశను బట్టి ఎడమ, కుడి చెప్పే పద్ధతి మరొకటి ఉంది. ఏ పద్ధతి వాడుతున్నారో మొదట్లోనే చెప్పి, కీలకమైన మలుపుల దగ్గర దిక్కును కూడా జోడించండి. "ఎడమవైపు, అంటే ఈశాన్యానికి" అంటే ఇక గందరగోళం ఉండదు.

పైన చెప్పిన గండి వాక్యాన్ని మేము ఇలా మార్చాము:

"ఇల్లంత నల్లరాయిని కుడివైపు ఉంచుకుని 80 మీటర్లు నడవండి. ఎడమవైపు (ఈశాన్యానికి) రెండు గండ్లు వస్తాయి. మొదటిదానిలో అడుగుజాడలు స్పష్టంగా ఉంటాయి. అది 40 మీటర్ల కింద నిట్టనిలువు అంచు దగ్గర ఆగిపోతుంది. అందులోకి దిగవద్దు. రెండోదాని ముఖంలో ఎర్రమట్టి ఉంటుంది. దారి అదే. కాలి కింద ఎర్రమట్టి కనిపించకపోతే మీరు మొదటి గండిలో ఉన్నారు, వెనక్కి రండి. మంచు గట్టిగా ఉన్న నెలల్లో క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) లేకుండా దిగకూడదు."

పాత వాక్యానికి నాలుగింతలు పెరిగింది. కావాలనే పెంచాము. దారి వివరణ అంతా ఇంత వివరంగా ఉండనక్కర్లేదు. తప్పిపోవడానికి వీల్లేని చోట "కొండ వెన్ను మీదుగా గంట నడక" అంటే చాలు. నిర్ణయం తీసుకునే చోట మాత్రం పొదుపు వద్దు. తప్పు దారి ఎలా ఉంటుందో కూడా రాయడం, తప్పామని తెలుసుకునే గుర్తు ఇవ్వడం, ఈ రెండూ పాత వివరణల్లో దాదాపుగా కనిపించవు.

దిక్సూచి డిగ్రీలు ఇస్తే అవి పటం ఉత్తరానికా, అయస్కాంత ఉత్తరానికా చెప్పాలి. అయస్కాంత ఉత్తరం ఏటా జరుగుతుంటుంది. కొన్ని దశాబ్దాల కిందట బ్రిటన్‌లో దిక్సూచికి కొన్ని డిగ్రీలు కలపాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కడ ఆ తేడా సున్నాకు దగ్గరగా చేరింది. పాత పుస్తకం చూసి అదే తేడా కలిపితే, పొగమంచులో అంచు వైపు నడిచినట్టే.

సమయాల గురించి: బలమైన బృందం పట్టిన సమయాన్ని అందరికీ రాయకండి. స్కాట్లాండ్ ఆరోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు సుమారు 5 కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. అది మంచి నేల మీద, ఆగకుండా నడిచే దృఢమైన మనిషికి. మంచు, తాడు పని, ఎత్తు తోడైతే దాన్ని పెంచుకోవాలి. ఒక్క అంకె కంటే "నాలుగు నుంచి ఏడు గంటలు" అన్న శ్రేణి నిజాయితీగా ఉంటుంది.

దారి ఎంత కష్టమో చెప్పే గ్రేడ్లు కూడా సరిగా వాడండి. పర్వత దారులకు వాడే ఫ్రెంచి గ్రేడు ఎఫ్ (సులువు) నుంచి ఈడీ (అత్యంత కష్టం) వరకు మొత్తం దారి తీవ్రతను చెబుతుంది. అమెరికాలో వాడే 5తో మొదలయ్యే దశాంశ గ్రేడు రాతి మీది అత్యంత కష్టమైన కదలికనే చెబుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి ఇస్తే చదివేవారు మోసపోతారు.

7. వెనుదిరిగే చోట్లు, దిగుడు, సాయం

చాలా వివరణలు శిఖరం దగ్గర ముగిసిపోతాయి, లేదా "వచ్చిన దారినే దిగండి" అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. అలసిన మనిషికి, వెలుతురు తగ్గేవేళ, ఎక్కువ వివరం కావలసింది ఆ భాగంలోనే. దిగుడును వేరే దారిగా భావించి మొదటి నుంచి రాయండి.

వెనుదిరిగే చోటును ప్రాంతం, షరతు, వేళ మూడింటితో రాయండి: "కనుమకు ఉదయం పదకొండు గంటలలోపు చేరకపోతే, లేదా అక్కడి నుంచి శిఖరం కనిపించకపోతే, తిరిగి దిగండి. ఇక్కడి నుంచి పైన సులువుగా తప్పుకునే దారి లేదు." చివరి వాక్యం చాలా అవసరం. ఎక్కడి వరకు వెనక్కి రావడం సులువో, ఎక్కడ దాటితే ముందుకు వెళ్లడం తప్ప గతి లేదో తెలిస్తే, మనిషి దాటకముందే ఆలోచిస్తాడు.

ఎత్తైన దారులకు రాత్రి బస చేసే ఎత్తులు కూడా భద్రతలో భాగమే. 3,000 మీటర్లు దాటాక బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. మీరు రాసిన రోజువారీ ప్రణాళిక ఈ లెక్కకు సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే ఒక రోజు పెంచి రాయండి.

సాయం కోసం పిలిచే సంఖ్య, ఫోను సంకేతం దొరికే చోట్లు, హెలికాప్టరు దిగగల చదును నేల రాయండి. నిమిషానికి ఆరుసార్లు ఈల గానీ లైటు గానీ ఇచ్చి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఇవ్వడం ఆల్ప్స్‌లో సాయం కోరే సంకేతం. నిమిషానికి మూడుసార్లు వస్తే అది జవాబు. స్థాన అంకెలు ఇచ్చేటప్పుడు అక్కడి రక్షక బృందం ఏ రూపంలో వాడుతుందో ఆ రూపంలోనే ఇవ్వండి.

8. కొత్త వివరణను కొండకు దూరంగా ఒకసారి పరీక్షించండి

ఆ పర్వతానికి వెళ్లని ఒకరికి వివరణను, పటాన్ని ఇచ్చి దారిని పెన్సిలుతో గీయమనండి. గీత ఎక్కడ తప్పుతుందో అక్కడ వాక్యం తప్పు. గంటలో అయిపోయే పని.

9. పాతదాన్ని ఉపసంహరించండి

కొత్తది ప్రకటించడం సులువు, పాతది చావదు. ఫోన్లలో దాచుకున్న జీపీఎస్ గీతలు, విడిది గృహాల గోడలకు అతికించిన కాగితాలు, ఇతరులు నకలు చేసుకున్న పేజీలు ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకని ప్రతి ఫైలు పేరులోనే నెల, సంవత్సరం పెట్టండి. కొత్త వివరణ మొదట్లో రెండు మూడు వాక్యాల్లో ఏమి మారిందో చెప్పండి: "గతంలో మొదటి గండి అని అర్థమయ్యేలా ఉండేది. ఇప్పుడు రెండోది అని స్పష్టం చేశాం." పాత గీత తమ దగ్గర ఉన్నవారికి చెరిపేయాలని తెలియాలంటే ఇదొక్కటే మార్గం. పాత పేజీని మౌనంగా తీసేయవద్దు. అది ఉన్నచోటే "ఈ వివరణ చెల్లదు" అని కారణంతో సహా రాసి ఉంచండి.

కొన్ని దారులను పూర్తిగా తీసేయాల్సి వస్తుంది. ఎంతో ఇష్టంగా ఎక్కిన దారిని, ముందుతరం వారు తొలిసారి ఎక్కిన దారిని కొట్టివేయడం మనసుకు కష్టమే. చరిత్రను చరిత్రగా వేరే చోట రాసుకోవచ్చు. నడవమని చెప్పే పేజీలో మాత్రం నడవకూడని దారి ఉండకూడదు. సొంతంగా పరిశీలించలేకపోయిన భాగం ఉంటే "ఈ భాగాన్ని ఫలానా ఏడాది తర్వాత ఎవరూ పరిశీలించలేదు" అని రాయండి.

10. తర్వాతి పరిశీలనకు తేదీ, మనిషి

భూకంపం, కుండపోత వర్షం, వడగాలులు, పెద్ద కొండచరియ, ప్రమాదం, ఒకే చోటు గురించి రెండో ఫిర్యాదు: వీటిలో ఏది జరిగినా తేదీతో పని లేకుండా వివరణను మళ్లీ చూడాలి. 2015 నేపాల్ భూకంపం తర్వాత ఎవరెస్టు శిఖరానికి కాస్త కింద ఉన్న, హిల్లరీ మెట్టు అనే నిటారు రాతి భాగం రూపమే మారిపోయింది. అంత ప్రసిద్ధమైన చోటే మారగలిగితే, మన దారిలోని పేరు లేని రాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఏమీ జరగకపోయినా మంచు, హిమానీనదం ఉన్న దారులను ప్రతి సీజనుకు ముందు, రాతి దారులను రెండు మూడేళ్లకొకసారి చూడటం మంచిది. దిగివచ్చినవారిని నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ తేదీన వెళ్లారు, ఎక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది, వివరణలో లేనిది ఏమి కనిపించింది, మీ తాడు ఎంత పొడవు? ఇంతకంటే ఎక్కువ అడిగితే ఎవరూ నింపరు.

వివరణ చివరి వరుసలో తర్వాతి పరిశీలన నెల, ఆ పని ఒప్పుకున్నవారు ఎవరన్నది రాయండి. "సంఘం చూసుకుంటుంది" అని రాసినచోట ఎవరూ వెళ్లకపోవడం నేను చూశాను. ఒక మనిషిని అడిగి, సరేనన్నాక, ఆ నెలకు ముందు వారం ఫోను చేయండి.